గుడి చేనులో మక్కజొన్న

అది 1949, నవంబరు నెల. పోలీసు యాక్షన్ జరిగి ఏడాది దాటింది. నేను సూర్యాపేటలో ఒక బడిలో తెలుగు పంతులుని. సెలవు రోజుల్లో సభలకు పోయి శాస్త్రులతోనూ పాస్టర్లతోనూ దేవుడు లేడని వాదించేవాణ్ణి. అలాంటి నన్ను బైబిలు అనువాదానికి పిలిచారంటే నా మిత్రులే నమ్మలేదు. పిలిచిన మాట నిజం, నేను వెళ్ళిన మాటా నిజం. "నాకు నమ్మకం లేదు, ముందే చెబుతున్నాను" అంటే కమిటీలోని ఇంగ్లండు పాదిరి నవ్వి, "నమ్మకం ఉన్నవాళ్ళు మాకు చాలామంది ఉన్నారు. తెలుగు వచ్చినవాళ్ళే తక్కువ" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. నా అహంకారానికి కావలసిన మేత అందులో ఉంది.

పని ఏమిటో చెబుతాను. అప్పటికే ఉన్న తెలుగు బైబిలు గ్రాంథికంలో ఉంది. పల్లెల్లో కూలి చేసుకునే క్రైస్తవులకు అది అంతగా అర్థం కాదు. అందులోంచి కొన్ని కథలు తీసి, మామూలు తెలుగులో చిన్న పుస్తకాలుగా వెయ్యాలని కమిటీ అనుకుంది. మొదట తీసుకున్నది ఒక విధవ కోడలి కథ. ఆమె అత్త వెంట పరాయి ఊరు వచ్చి, కోతలు జరుగుతున్న పొలాల్లో పరిగె ఏరి ఇద్దరి కడుపూ నింపుతుంది. పరిగె అంటే కోసేవాళ్ళ చేతుల్లోంచి జారి చేనులో పడిపోయిన వెన్నులు. వాటిని పేదవాళ్ళు ఏరుకోవడం మా వైపు ఎప్పటినుంచో ఉన్న ఆచారమే. అందుకే ఈ కథ ముందుగా ఎంచారు.

కథను మూడు ముక్కలు చేసి ముగ్గురికి ఇచ్చారు. మొదటి ముక్క కోదాడలోని సత్యానందం మాస్టారికి, నడిమి ముక్క నాకు, చివరిది మిర్యాలగూడలో ఒక హెడ్మాస్టరుకు. మొదటి డ్రాఫ్టు, అంటే తొలి ప్రతి, రాసేటప్పుడు ఒకరిది ఒకరు చూడకూడదు. పాత తెలుగు బైబిలు తెరవకూడదు. తెరిస్తే ఆ గ్రాంథికపు నీడ కొత్త తెలుగు మీద పడుతుందని ఆ నియమం. డ్రాఫ్టు అయ్యాక కొన్ని పుటలను సైక్లోస్టైల్ అనే నకళ్ళ యంత్రం మీద తీసి స్పెసిమెన్, అంటే నమూనా, తయారుచేస్తారు. దాన్ని ఒక పల్లెకు తీసుకుపోయి చదివి వినిపించి, విన్నవాళ్ళను కథ తిరిగి చెప్పమనాలి. వాళ్ళు తడబడిన చోట మార్జిన్‌లో గుర్తు పెట్టుకోవాలి. పని కాగానే కాగితాలన్నీ వెనక్కి తెచ్చుకోవాలి.

మా ముగ్గురిలో ఎవరికీ హీబ్రూ రాదు. మా చేతిలో ఉన్నది ఇంగ్లండులో వెనకటి కాలంలో తయారైన ఇంగ్లీషు బైబిలు. సందేహం వస్తే అడగడానికి ఇద్దరు ఉన్నారు. కోదాడలో ఈ పాదిరి, మిర్యాలగూడలో బడి నడిపే అమెరికా దొరసానమ్మ. ఇద్దరిదీ ఇంగ్లీషే గాని ఒకే ఇంగ్లీషు కాదు. ఈ పనికి ముందు, అభ్యాసంగా ఇచ్చిన ఒక రాజు కథ వివరిస్తూ దొరసానమ్మ, రాజు 'మ్యాడ్' అయ్యాడంది. ఆమె దేశంలో ఆ మాటకు కోపం వచ్చిందని అర్థం. సత్యానందం మాస్టారు ఇంగ్లండు పాదిరుల దగ్గర చదువుకున్నవాడు. "రాజుకు పిచ్చెత్తెను" అని రాసేశాడు. అది కమిటీలో చదివినప్పుడు నేను బల్ల కొట్టి నవ్వాను. "మాస్టారూ, ఇంకొక్క పుట పోతే మీ రాజును గొలుసులతో కట్టేస్తారా?" అన్నాను. ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

నేను ఇంగ్లీషు నేర్చింది ఆ దొరసానమ్మ బడిలోనే. ఆమె అమెరికాలో రైతు బిడ్డ. బడి పెరట్లో ఒక మడి వేసి 'కార్న్' అని చూపిస్తూ పండించేది. అది మక్కజొన్న. కాల్చి మాకు తలా ఒక కంకి ఇచ్చేది. పదేళ్ళ వయసులో ఉప్పూ కారం రాసుకుని తిన్న మాటను ఎవరైనా మళ్ళీ డిక్షనరీలో వెతుకుతారా? నా ముక్కలో ఆ కోడలు అత్తతో, పొలానికి పోయి 'కార్న్' కంకులు ఏరుకొస్తానని అడుగుతుంది. నేను పెన్ను ఎత్తకుండా "మక్కజొన్న కంకులు" అని రాశాను.

నా పుటలే స్పెసిమెన్‌గా వచ్చాయి. ఒక ఆదివారం వాటిని పెన్‌పహాడ్ తీసుకుపోయాను. ఆ రోజుల్లో సూర్యాపేటలో సైక్లోస్టైల్ కాగితాల కట్టతో తిరగడం మాటలు కాదు. కమ్యూనిస్టుల కరపత్రాలు అలాగే చేతులు మారేవి. దారిలో సిపాయి ఆపి, "ఇదేం పర్చా?" అని కట్ట విప్పించాడు. బైబిలని చెబితే నా ముఖం చూసి అనుమానపడ్డాడు. అతని అనుమానంలో న్యాయం ఉంది.

మధ్యాహ్నం ప్రార్థన ముగిశాక గుడి పాకలో చదివాను. ముప్పైమంది దాకా ఉన్నారు. ముందు వరసలో సంఘ పెద్ద యాకోబు ఉన్నాడు. గుడి లెక్కలూ గుడి చేనూ ఆయన చేతిలోనే ఉంటాయి. గుడి చేను అంటే సంఘానికున్న వరి పొలం. అందరూ కలిసి చేసి, పంటను గుడి అవసరాలకు వాడుకుంటారు. ఆడవాళ్ళలో సారమ్మ అని ఒకామె ఉంది. ఆమె మగడు పోయి మూడేళ్ళయింది. ఇద్దరు ఆడపిల్లలతో కూలి చేసుకు బతుకుతుంది. చదవడం అయ్యాక కథ తిరిగి చెప్పమంటే ఆమెనే ముందుకు తోశారు. సగం బాగానే చెప్పింది. పొలం దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

"పంతులయ్యా, మక్కచేన్ల పరిగె ఏందయ్యా?"

"అదే కదమ్మా రాసుంది. రాలిన కంకులు ఏరుకుంది."

"మక్కకంకి యాడ రాలుతది? చేత్తోటి ఒక్కొక్కటి ఇరుస్తం గద. ముంజేతి లావుంటది. కింద పడ్డదంటే ఇరిసినోడే వంగి తీసుకుంటడు. ఇగ ఈమెకేం మిగిలె?"

ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. పక్కనున్న ముసలమ్మ, "ఆ దేశంల కూలోళ్ళు గుడ్డోళ్ళేమో తియ్యే" అంది. మళ్ళీ నవ్వులు.

నేను వాదాల్లో ఆరితేరినవాణ్ణి. నవ్వితే ఓడిపోతాననుకునే రకం. "ఆ దేశంలో కోతలు ఎట్లుంటయో నీకెట్ల తెలుసమ్మా? పుస్తకంలో ఉన్నది చెబుతున్నా" అన్నాను. పుస్తకంలో ఉంది కాబట్టి నిజం అనేవాళ్ళను ఎన్ని సభల్లో ఉతికి ఆరేశానో నాకే లెక్క తెలియదు. ఆ రోజు అదే మాట నా నోట వచ్చింది. వచ్చినట్టు నాకు తెలియను కూడా తెలియలేదు. సారమ్మ వెనక్కి పోయి ఆడవాళ్ళలో కూర్చుంది. వెళ్ళేటప్పుడు యాకోబు, "పంతులు గారూ, ఒక కాయితం ఇచ్చి పోండి, మల్లా సదువుకుంట" అంటే, మర్యాదకు పోయి ఒక పుట ఇచ్చాను. కాగితాలు వెనక్కి తేవాలన్న నియమం అలా తప్పాను.

రెండు వారాలయ్యాక ఒక సోమవారం బడి గంట కొట్టేవేళకు సారమ్మ సూర్యాపేటలో మా గేటు దగ్గర నిలబడి ఉంది. పెన్‌పహాడ్ నుంచి నడిచి వచ్చింది. కాళ్ళు మోకాళ్ళ దాకా దుమ్ము.

"ఏమమ్మా, ఇంత దూరం?"

"నీ కాయితం నా నోటికాడి బుక్క గుంజుకున్నది పంతులయ్యా. నీకు చెప్పిపోదామని వచ్చిన."

విషయం ఇది. గురువారం గుడి చేను కోత. ఏటా ఆ చేనులో సారమ్మే పరిగె ఏరుతుంది. చుట్టుపక్కల దొరల పొలాల్లో ఆ ఏడు కావలివాళ్ళు ఎవరినీ గట్టు ఎక్కనివ్వడం లేదు. మిగిలింది గుడి చేనొక్కటే. ఆ పరిగె వడ్లతోనే చలికాలం ఆమె పిల్లలకు రాత్రిపూట అన్నం. ఇప్పుడు యాకోబు అదీ వద్దన్నాడు. ఏటా కోసేవాళ్ళు ఆమె కోసం కావాలని వెన్నులు జారవిడుస్తున్నారని ఆయన ఫిర్యాదు. "దేవుని పుస్తకంల విధవకు పరిగె ఇయ్యమని లేదా పెద్దయ్యా?" అని ఈమె అడిగింది. ఆయన నా పుట తీసి సంఘం ముందు చదివాడు.

"ఏమని సదివిండో తెలుసా? 'మక్కజొన్న అని రాసున్నది. వరి అని లేదు. మక్క వేసిననాడు వచ్చి ఏరుకో' అన్నడు. అందరు నవ్విన్రు. మక్కచేన్ల పరిగె ఉండదని నేనే నీకు చెప్పిన గద. ఇగ ఆ మాట నా మెడకే చుట్టుకున్నది."

"పాత పుస్తకం చూడమనకపోయావా?"

"అన్న. 'పాతది తప్పు గనకనే గద కొత్తది రాస్తున్నరు' అన్నడు. నువ్వేమంటవు?"

ఆయన వాదన తప్పు. కానీ ఆ తప్పుకు ఆధారం నా చేతిరాత. "గురువారం లోపల సరిచేస్తాను" అన్నాను. ఆమె నమ్మినట్టు లేదు. "సరిజేస్తె మంచిదే" అని నీళ్ళు తాగి మళ్ళీ నడక సాగించింది.

మర్నాడు కోదాడలో కమిటీ సమావేశం ముందే ఖాయమై ఉంది. బడికి సెలవు పెట్టి వెళ్ళాను. పాదిరి బంగళాలో బల్ల మీద మా మూడు డ్రాఫ్టులు మొదటిసారి పక్కపక్కన పెట్టారు. మొదటి ముక్కలో సత్యానందం మాస్టారు, అత్తాకోడళ్ళు యవల, అంటే బార్లీ, కోత మొదలయ్యే వేళకు ఊరు చేరారని రాశాడు. నడిమి ముక్కలో నా మక్కజొన్న. చివరి ముక్కలో మిర్యాలగూడ హెడ్మాస్టరు వడ్లు కుప్ప పోయించాడు. ఒకే పొలం, ఒకే కోత, మూడు పంటలు.

సత్యానందం మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ మెల్లగా, "పంతులు గారూ, మా రాజుకు పిచ్చెత్తితే ఎత్తింది గానీ, మీ భూమికేమొచ్చిందండీ?" అన్నాడు. అందరూ నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను. ఆ దెబ్బ నాకు తగిలి తీరవలసిందే.

తర్వాత అసలు చర్చ మొదలైంది. పాదిరి చెప్పాడు: "మా ఊళ్ళో కార్న్ అంటే గోధుమ. మా అమ్మ స్కాట్లండు మనిషి. ఆమెకు కార్న్ అంటే ఓట్స్ అనే ధాన్యం. ఈ ఇంగ్లీషు తయారైన రోజుల్లో ఆ మాటకు ధాన్యమని మాత్రమే అర్థం. ఏ సీమలో ఏది ఎక్కువ పండితే అక్కడ అదే కార్న్."

దొరసానమ్మ నా వైపు తిరిగి, "మా దేశం పోయినవాళ్ళకు అక్కడ మక్క ఎక్కువ కనబడింది, దానికే ఆ పేరు పెట్టుకున్నారు. నీకు ఆ మాట నేర్పింది నేను. తప్పులో సగం నాది" అంది.

"లేదమ్మా. మీరు పదేళ్ళ పిల్లవాడికి పెరట్లో ఉన్నది చూపించారు. నలభై ఏళ్ళ మనిషి ఒక్క ప్రశ్న అడగలేదు. తప్పు మొత్తం నాదే" అన్నాను. పెన్‌పహాడ్‌లో ఒక కూలి మనిషి నా తప్పు పట్టుకుందని, నేను ఆమె నోరు మూయించానని కూడా చెప్పాను. చెప్పడం కష్టమైంది. కానీ ఎదుటివాళ్ళ తప్పులు సభల్లో చదివేవాడు తన తప్పు నాలుగు గోడల మధ్యన్నా చదవాలి కదా.

పాదిరి లోపలికి పోయి హీబ్రూ పుస్తకం తెచ్చాడు. ఆ వాక్యంలో పంట పేరే లేదన్నాడు. ఉత్త వెన్నులనే ఉందట. వరికీ జొన్నకూ గోధుమకూ అన్నింటికీ చెల్లే మాట. సత్యానందం మాస్టారు "ధాన్యపు వెన్నులు" అందామన్నాడు. కోదాడ వైపు ధాన్యమంటే వడ్లే అనుకుంటారు, అయినా పరవాలేదన్నాడు. సూర్యాపేట మెట్ట పల్లెల్లో జొన్నలు తినేవాళ్ళు అది తమది కాదనుకుంటారని నేను ఒప్పుకోలేదు. మిర్యాలగూడ హెడ్మాస్టరు, "పంట పేరెందుకు సార్? పరిగె అంటె చాలదా? ఏ చేన్లదైనా పరిగె పరిగెనే" అన్నాడు. గంటసేపు మేము తవ్విన దాన్ని ఆయన ఒక్క మాటలో పైకి తీశాడు. "చేనులో పడిన పరిగె ఏరుకొస్తాను" అని ఖాయమైంది.

ఇక్కడే చిక్కు వచ్చింది. దిద్దిన స్పెసిమెన్ వచ్చే నెల సమావేశంలో ఆమోదం పొందాకే బయటికి పోవాలి. అది కమిటీ పద్ధతి.

"కోత ఎల్లుండి. ఇప్పుడే ఎర్రాటా ఇవ్వండి" అన్నాను. ఎర్రాటా అంటే అచ్చులో పడ్డ తప్పును ఒప్పుకుంటూ వేసే దిద్దుబాటు చీటీ.

పాదిరి ఇబ్బందిగా చూశాడు. "నమూనా కాగితానికి ఎర్రాటా ఎప్పుడూ లేదు. అది పుస్తకం కాదు కదా."

"మనకు కాదు. పెన్‌పహాడ్‌లో అది శాసనమై కూర్చుంది. దాని మీద తీర్పు చెప్పేశారు. తీర్పు చలికాలమంతా రాత్రిళ్ళు పస్తు. మీ దేవుడు ఉన్నాడో లేడో తర్వాత వాదించుకుందాం. ఆ పిల్లలు మాత్రం ఉన్నారు."

దొరసానమ్మ పెన్ను అందుకుంది. దిద్దుబాటు తన చేత్తో రాసి కింద సంతకం పెట్టింది. పాదిరి ఒక క్షణం ఆగి తానూ పెట్టాడు. సత్యానందం మాస్టారు అద్దుడు కాగితం వేసి ఒత్తి సిరా ఆర్చి, జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చాడు.

గురువారం పొద్దు బారెడెక్కేసరికి పెన్‌పహాడ్ గుడి చేను గట్టు మీద ఉన్నాను. పదిహేనుమంది దాకా కొడవళ్ళతో వరసగా కోస్తున్నారు. సారమ్మ అవతలి గట్టు మీద వట్టి గంప పక్కన పెట్టుకుని కూర్చుంది. చేనులో దిగలేదు. యాకోబు కర్ర పట్టుకుని మడిలో నిలబడ్డాడు. చీటీ ఇస్తే రెండుసార్లు చదివాడు.

"పంతులు గారూ, ఆనాడు మక్క అంటిరి. ఇయ్యాల కాదంటున్నరు. రేపేమంటరు?"

"తప్పు రాశాను. దిద్దుకున్నాను. రేపు ఇంకో తప్పు దొరికితే అదీ దిద్దుకుంటాను."

"మీరు దేవుణ్ణే నమ్మరంట. మీ మాట నేనెందుకు నమ్మాలె?"

"నమ్మొద్దు. నా మాట అసలే నమ్మొద్దు. పాత పుస్తకం గుడిలో ఉంది కదా, తెప్పించి మీరే చదవండి. నేను నోరెత్తను."

కోసేవాళ్ళు నడుములు ఎత్తి నిలబడ్డారు. ఇంతమంది చూస్తుంటే పుస్తకం వద్దని సంఘ పెద్ద అనలేడు. ఒకామె పోయి తెచ్చింది. యాకోబు చదువుకున్న మనిషి. చాటుమాటు పని ఎరగనివాడు కూడా. గుడి గింజ ఒక్కటి ఇంటికి తీసుకుపోయాడని ఎవరూ అనరు. ఆయన పిసినారితనమంతా గుడి కోసమే. గట్టు మీద నిలబడి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. కోడలు పొలానికి రావడం, పొలం ఆసామి ఆమెను చూడడం, మధ్యాహ్నం ఆమెకు అన్నం పెట్టించడం అయ్యాయి. ఆ తర్వాత గొంతు తగ్గింది. ఆసామి తన కూలివాళ్ళకు ఆజ్ఞ ఇస్తాడు. మోపుల నడుమ కూడా ఆమెను ఏరుకోనివ్వండి, అవమానించకండి, ఆమె కోసం పిడికెళ్ళు కావాలని జారవిడవండి అంటాడు.

యాకోబు ఆగిపోయాడు. కావాలని జారవిడవడమే కదా ఆయన ఫిర్యాదు.

వరసలోంచి కోత కోసే ముసలమ్మ ఒకామె చెయ్యి ఎత్తింది. "పెద్దయ్యా, గట్ల రాసున్నదా? మేం రాసున్నదని ఎరగక దొంగతనంగ ఇడుస్తున్నం గద!"

చేనంతా నవ్వింది. యాకోబు ముఖం ఎర్రబడింది. పుస్తకం మూసి చంకలో పెట్టుకుని, అవతలి గట్టు వైపు తిరిగి, "సారమ్మా, ఏం కూసున్నవ్? దిగు. ఎండ ముదిరినంక ఏరుతవా?" అన్నాడు. ఆమె గంప ఎత్తుకుని దిగింది. "మోపులకాడికి మాత్రం..." అని ఆయన మొదలుపెట్టి, చంకలోని పుస్తకం చూసుకుని మాట మింగేశాడు.

నేను సారమ్మ దగ్గరికి పోయి, "ఆ రోజు నీ మాట వినకపోవడం నా తప్పమ్మా" అన్నాను. ఆమె వంగి వెన్నులు ఏరుతూనే, తల ఎత్తకుండా, "నడువు పంతులయ్యా, కాళ్ళ కింద వెన్నులు నలుగుతున్నయ్" అంది. నేను గట్టెక్కాను.

ఆ తర్వాత కమిటీతో మరికొన్నేళ్ళు పనిచేశాను. నా నమ్మకాలు మారలేదు, పని పద్ధతి మారింది. వలను గురించి రాయాలంటే వల వేసేవాణ్ణి అడిగాను. కుండ గురించి రాయాలంటే సారె దగ్గర కూర్చున్నాను. ఇంగ్లండు మాట ఇలా ఉంది, అమెరికా మాట అలా ఉంది అని పాదిరీ దొరసానమ్మా తగువు పడితే, ఆ పని చేతులతో చేసే మనిషి దగ్గరికి ఇద్దరినీ తీసుకుపోయేవాణ్ణి. చాలాసార్లు తగువు అక్కడే తేలిపోయేది.

హేతువాదమంటే దేవుణ్ణి ప్రశ్నించడమేనని అప్పటిదాకా అనుకున్నాను. అది సులువైన పని. దేవుడు తిరిగి జవాబు చెప్పడు. మనకు చిన్నప్పుడు ప్రేమగా ఎవరో నేర్పిన మాటను ప్రశ్నించడం కష్టం. మన తప్పును నవ్వుతూ ఎత్తిచూపే కూలి మనిషి ఎదుట పెన్ను కింద పెట్టి, "నువ్వే చెప్పు, ఈ పని ఎట్ల చేస్తరు?" అని అడగడం అంతకంటే కష్టం. చదువు రాని మనిషి చెప్పిన నిజాన్ని వినలేనివాడు ఎన్ని భాషలు చదివినా అనువాదకుడు కాడు, హేతువాది అసలే కాడు.